ఎడమవైపు తలుపు

టార్పాలిన్ కింద కారు లేదు.

ఆరు చేపల మేత బస్తాలున్నాయి. వాటి మీద ఒక పాత మడత మంచం, ముందువైపు బోర్లించిన రెండు గంగాళాలు, వెనకవైపు కొబ్బరి పీచు మూట. వీటన్నిటినీ ఎవరో చాలా శ్రద్ధగా అమర్చారు. పైన టార్పాలిన్ కప్పితే అచ్చం అంబాసిడరే అనిపించేలా, బానెట్టు దగ్గర వంపు కూడా వచ్చేలా పేర్చారు.

టార్పాలిన్ అంచు చేత్తో పట్టుకుని నిలబడ్డ రాజ్ కుమార్ ఏలూరులో కొత్త కార్ల షోరూము మనిషి. పాత కారుని పరీక్ష చేసి, సంతకాలు పెట్టించుకుని, దాన్ని తోలుకుపోవడం అతని పని. ఈ ఉద్యోగంలో ఇంజను లేని కార్లు చూశాడు, చక్రాల్లేని కార్లు చూశాడు. అసలు కారే లేని కారుని చూడడం ఇదే మొదలు.

"మేడమ్... ఇక్కడ బండి లేదండి."

స్టెల్లా దెందులూరు హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఆమె వరండా చివర నిలబడి చూస్తే చాలు, పదో తరగతి మొత్తం పుస్తకాలు తెరుస్తుంది. అదే చూపుతో ఇప్పుడు మొగుడి వైపు చూసింది. ఆనంద్ పాల్ గేటు పక్కన, అప్పటికే రెండుసార్లు తడిపిన మల్లె పాదుకి మూడోసారి నీళ్లు పోస్తున్నాడు.

"ఏవండీ, కారేదండీ?"

"ఏ కారు?"

"మనింట్లో ఎన్ని కార్లున్నాయండీ?"

"ఒక్కటే."

"ఆ ఒక్కటీ ఏదండీ?"

ఆనంద్ పాల్ నీళ్ల పైపు చివర వేలు అడ్డుపెట్టి, దూరంగా ఉన్న జామచెట్టుకి కూడా కాసిన్ని చిమ్మాడు. జామచెట్టుకి ఆ మర్యాద మునుపెన్నడూ జరగలేదు.

వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్న పాపమ్మ కల్పించుకుంది. ఆమె ఆనంద్ పాల్ తల్లి.

"నిన్న కూడా ఉందే! దాని మీదే కదా నేను మిరపకాయలు ఎండేసింది?"

"మీరు ఎండేసింది మడత మంచం మీదండీ అత్తయ్యగారూ," అంది స్టెల్లా. తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే ఆ ఇంట్లో అందరికీ భయం. "పదకొండు రోజుల నించి రోజూ స్కూలుకి వెళ్తూ ఆ షెడ్డు వైపు చూసి, పాపం ఎన్నాళ్ల బండి, శనివారం దాకానే కదా మనింట్లో ఉండేది అని జాలిపడుతున్నానండీ. నిన్నయితే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంటే నేను ఏడ్చింది చేపల మేత బస్తాల కోసమా?"

"బస్తాలు కూడా పాతవే స్టెల్లా," అన్నాడు ఆనంద్ పాల్. అని ఉండకూడదని అన్న క్షణంలోనే తెలిసింది.

ఆ కారు సంగతి ఏలూరు నుంచి కొల్లేటికోట దాకా అందరికీ తెలుసు. ఆనంద్ పాల్ తండ్రి రాజరత్నం కొల్లేరు లంకల్లో తిరిగి సువార్త చెప్పిన మనిషి. గట్ల మీద నడవాలని కారు స్ప్రింగులు ఎత్తు చేయించాడు. వరద నీళ్లలో ఆగకూడదని సైలెన్సరు గొట్టాన్ని ట్రాక్టరుకి పెట్టినట్టు పైకి లేపించాడు. పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను వేయించాడు. ముందు సీట్ల మధ్యన మైకు ఆంప్లిఫయరు పెట్టెని బోల్టులు వేసి బిగించాడు. ఆయన పోయాక ఆనంద్ పాల్ మండవల్లి దగ్గర చేపల చెరువు కౌలుకి తీసుకుని, డిక్కీ లోపల జింకు రేకు కొట్టించి ఐసు, చేపలు మోశాడు. లంకల్లో పిల్లలు దాన్ని పొగగొట్టం కారు అంటారు. మూడు నెలల కిందట అది మండవల్లి గట్టు మీద ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది. దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుందామని స్టెల్లా అంది. సరేనన్నాడు ఆనంద్ పాల్. ఆయన అంత తొందరగా సరేనన్నప్పుడే ఆమె అనుమానపడాల్సింది.

"తాడేపల్లిగూడెం పంపించాను," అన్నాడు చివరికి, జామచెట్టుకి చెబుతున్నట్టు. "భీమశంకరం దగ్గరికి. బాగుచేయిస్తున్నాను."

"ఇచ్చేసే కారుకి బాగేంటండీ?"

"ఇవ్వడానికి మనసొప్పలేదు స్టెల్లా. నాన్న బండి."

నీళ్ల పైపు కట్టేయడానికి అతను వంగినప్పుడు జేబులోంచి మడత కాగితం ఒకటి జారిపడింది. స్టెల్లా తీసి చదివింది. భీమశంకరానికి ఇచ్చిన పనుల జాబితా నకలు అది.

"ఒకటి, ఇంజను విప్పి రింగులు, పిస్టన్లు. రెండు, రేడియేటరు. మూడు, తుప్పు పట్టిన కింద రేకు కోసి కొత్తది వేయడం. నాలుగు, పవర్ స్టీరింగు." ఇక్కడ ఒక్క క్షణం ఆగింది. "దీనికి పవర్ స్టీరింగా?"

"చేతులు లాగేస్తున్నాయి. వయసు మీద పడుతోంది కదా."

"పదకొండు, పొగగొట్టానికి వెండి రంగు. పదహారు, లారీ హారను బాగుచేయడం. పంతొమ్మిది, నాన్నగారి ఆంప్లిఫయరు పెట్టెకి కొత్త తాళం."

పంతొమ్మిదితో జాబితా అయిపోయింది. స్టెల్లా కాగితం తిప్పి వెనకవైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. మళ్లీ ముందువైపు తిప్పి, మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి, ఈసారి మనసులో చదువుకుంది. తర్వాత జాగ్రత్తగా మడత పెట్టి భర్త జేబులోనే పెట్టేసింది. 

ఆనంద్ పాల్ ఇంకా పెద్ద గాలివాన వస్తుందనుకున్నాడు. రాలేదు. తేలిగ్గా బయటపడ్డాననుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసినా కొన్ని తెలియవు మగవాళ్లకి.

"సోమవారం పదింటికి కొత్త బండి డెలివరీ అండి," అన్నాడు రాజ్ కుమార్ టార్పాలిన్ వదిలేస్తూ. "అప్పటికి పాతది అప్పజెప్తేనే ఎక్స్ఛేంజి ఆఫరు. అన్నీ మేడమ్ గారి పేరు మీదే రాశామండి. టెస్ట్ డ్రైవులో మేడమ్ గారే స్వయంగా..."

స్టెల్లా గట్టిగా దగ్గింది. రాజ్ కుమార్ నోరు మూసుకున్నాడు.

"స్వయంగా ఏంటి?" అన్నాడు ఆనంద్ పాల్.

"స్వయంగా కూర్చుని చూశాను," అంది స్టెల్లా. "తలుపులన్నీ బాగా తెరుచుకుంటున్నాయి."

* * *

భీమశంకరం షెడ్డు తాడేపల్లిగూడెం స్టేషనుకి దగ్గరే. ముప్పై ఏళ్ల కిందట ఆ కారుకి డీజిలు ఇంజను ఎక్కించింది ఆయనే. ఎప్పుడడిగినా "అయిపోయినట్టేనండి" అనడం ఆయన అలవాటు. ఆ మాటకి నాలుగు రోజుల నుంచి నాలుగు నెలల దాకా ఏ అర్థమైనా ఉండవచ్చు. ఈసారి మాత్రం నిజంగానే అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే అక్కడికి వెళ్లిన ఆనంద్ పాల్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అదే మీగడ రంగు, అదే ఎత్తు, అదే పొగగొట్టం. కానీ రేకు మీద తుప్పు మచ్చ లేదు.

"కొత్తదానిలా చేసిపెట్టమనేవాళ్ల బండి నేను ముట్టుకోనండీ పాల్ గారూ," అన్నాడు భీమశంకరం చేతులు తుడుచుకుంటూ. "పాతది పాతదిలాగే బాగుండాలి. చూడండి, బానెట్టు మీద మీ నాన్నగారు మైకు స్టాండు పెట్టి చేసిన సొట్ట ఉందా? అది తీయలేదు. పెయింటు కుర్రాడు తీసేస్తానన్నాడు. చెయ్యి విరగ్గొడతానన్నాను."

ఆనంద్ పాల్ ఆ సొట్టలో వేలు పెట్టి చూసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పదిమంది చూస్తుండగా కళ్లు తుడుచుకున్నాడు.

తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వెండి గొట్టంలోంచి కొంచెం పొగ బయటికొచ్చి, రేకుల కప్పు దాకా వెళ్లి కలిసిపోయింది. పవర్ స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతోంది.

"ఒక్క సంగతండీ," అన్నాడు భీమశంకరం కిటికీ దగ్గరికి వంగి. "ఎడమవైపు ముందు తలుపు. లోపలి హ్యాండిల్ లేదు. అద్దం కూడా నాలుగు వేళ్లకి మించి దిగట్లేదు. మధ్యలో ఈ పెట్టె ఉందాయె, ఇటు జరగడానికి లేదు. ఎక్కిన మనిషి ఎవరైనా బయటినించి తీస్తేనే గానీ దిగలేరు. మీ జాబితాలో ఆ పని లేదు. పాత సామాన్ల కొట్లో చూస్తే ఆ ముక్క దొరక్కపోదు. ఒక్క పూట ఆగితే..."

"ఇప్పుడెక్కడ పూట! చీకటి పడకుండా ఏలూరు చేరాలి. ఆ తలుపుకేం తొందర లేదులెండి," అన్నాడు ఆనంద్ పాల్. "అక్కడ కూర్చునేది స్టెల్లాయే. అలవాటే."

నిజంగానే అలవాటు. ఇంకో సంగతి కూడా ఉంది, ఆయన ఎవరికీ చెప్పనిది. ఏ ఊళ్లో కారు ఆపినా ఆనంద్ పాల్ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, భార్య తలుపు తీసి నిలబడేవాడు. అది చూసి చర్చీలో ఆడవాళ్లు తమ మొగుళ్లని మోచేత్తో పొడిచేవారు. "పాల్ గారిని చూసి నేర్చుకోండి, భార్యని ఎలా చూసుకుంటారో" అనేవారు. దంపతుల కూటాల్లో ఆయన చేత రెండుసార్లు ప్రసంగం కూడా చెప్పించారు. తలుపు లోపలినుంచి తెరుచుకోదన్న చిన్న విషయం ఆ రెండు ప్రసంగాల్లోనూ రాలేదు.

భీమడోలు దాటి, దెందులూరు దాటి, కారు హాయిగా పరుగెత్తింది. ఏలూరు పొలిమేరలోకి వచ్చాక ఆనంద్ పాల్‌కి భయం మొదలైంది. ఇంటికి తీసుకెళ్తే సోమవారం పదింటికి రాజ్ కుమార్ వచ్చి తోలుకుపోతాడు. రోడ్డు మీద పెడితే రాత్రి మంచుకి కొత్త పెయింటు పాడైపోతుంది. భీమశంకరం మరీమరీ చెప్పాడు, రెండు రోజులు మంచు తగలనివ్వొద్దని.

కప్పున్న చోటు కావాలి. గేటున్న చోటు కావాలి. స్టెల్లా సోమవారం దాకా అడుగుపెట్టని చోటయితే మరీ మంచిది. మూడోది దొరకలేదు. మొదటి రెండూ చర్చీ ఆవరణలోనే దొరికాయి.

చర్చీ పక్కన రేకుల షెడ్డు ఉంది. ఆదివారం కోత పండుగ. అప్పటికే ఎవరో అరటిగెలలు, బియ్యం బస్తాలు తెచ్చి ఆ షెడ్డులో పెట్టారు. ఆనంద్ పాల్ వాటిని జాగ్రత్తగా ఒక పక్కకి జరిపి, మధ్యలో కారు పెట్టి, తాళం చెవి కారులోనే ఉంచి, గేటు దగ్గరకు వేసి ఇంటికి నడిచాడు. తనే ఆ చర్చీ సంఘ పెద్ద కదా, ఎవరడుగుతారని ధైర్యం.

* * *

ఆ ఇంట్లో సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. ముగ్గురూ చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థిస్తారు. ఒకరు చేస్తున్నప్పుడు ఇంకొకరు అడ్డు రాకూడదు. అందువల్ల ఆ ఇంట్లో అతి ముఖ్యమైన తగాదాలన్నీ ఆ వేళలోనే, దేవుడి ద్వారా జరుగుతాయి.

స్టెల్లా మొదలుపెట్టింది.

"ప్రేమగల తండ్రీ, చేపల మేత బస్తాలకి కారు వేషం వేసిన చేతుల్ని క్షమించు..."

"ఆమేన్," అంది పాపమ్మ.

"ఇంకా అవలేదండీ అత్తయ్యగారూ. ఆ కారు తాడేపల్లిగూడెం నించి బయల్దేరిందని విన్నాను, ఇప్పుడు ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు తండ్రీ. అడిగితే చెప్పరు. నీకు మాత్రం తెలుసు."

తన వంతు వచ్చాక ఆనంద్ పాల్ గొంతు సవరించుకున్నాడు. "తండ్రీ, అది ఎక్కడుందో నీకు తెలుసు. నీ సన్నిధిలోనే క్షేమంగా ఉంది. పాతబడిపోయారని నువ్వెవర్నీ అవతల పారేయలేదు. నన్ను కూడా పారేయలేదు. నాకు యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్లు నొప్పులు. అయినా ఇంట్లో ఉంచుకున్నారు."

"ప్రభువా," అంది స్టెల్లా, వంతు కాకపోయినా, "నేను మార్చమన్నది కారుని. ఆయన్ని మార్చమని ఇంకా అడగలేదు."

పాపమ్మ ఇక ఊరుకోలేదు. "దేవా, వీళ్లిద్దరి మాటలూ నువ్వు విన్నావు. నేను మాత్రం వినలేకపోతున్నాను. నా పెనిమిటి ఆ బండిలో నలభై లంకలు తిరిగాడు. నన్నెప్పుడూ వెనకసీట్లోనే కూర్చోబెట్టాడు, ముందంతా పుస్తకాలు. అయినా నాకు ఆ బండంటే ఇష్టమే. దాన్ని ఇంట్లో ఉండనీ. పెసరట్ల పిండి పులిసిపోతోంది. ఇద్దరికీ బుద్ధి ప్రసాదించు."

 వీధిలో ఎవరిదో బండి వెళ్లింది. కళ్లు మూసుకునే స్టెల్లా మెల్లగా మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"తండ్రీ, అత్తయ్యగారి మాట కాదనలేను. ఈ పూట నించి ఆ కారు మీద ఒక్క రూపాయి ఖర్చుపెట్టనని ఆయన నీ ముందు మాటిస్తే, సోమవారం రాజ్ కుమార్ని నేను వెనక్కి పంపించేస్తాను. కొత్తది ఎక్స్ఛేంజి లేకుండానే తీసుకుంటాను. ఆయన కారు ఆయనకే ఉంటుంది."

ఆనంద్ పాల్ చెవుల్ని తనే నమ్మలేదు. పంతొమ్మిది పనులూ అయిపోయాయి. ఇంకా ఖర్చేముంది?

"తండ్రీ," అన్నాడు హడావిడిగా, ఆమె మనసు మార్చుకునేలోపు, "ఆ కారు మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టను. నీ ముందు, అమ్మ ముందు, స్టెల్లా ముందు మాటిస్తున్నాను. ఆమేన్!"

"ఆమేన్," అంది స్టెల్లా.

"ఆమేన్," అని పాపమ్మ లేచి పెనం పెట్టడానికి వెళ్లింది.

ఆ రాత్రి ఆనంద్ పాల్ నాలుగు పెసరట్లు తిని నిశ్చింతగా నిద్రపోయాడు.

* * *

ఆదివారం పొద్దున పాపమ్మ అందరికంటే ముందే చర్చీకి వెళ్లింది. ఒక చేతిలో గుమ్మడికాయ, ఇంకో చేతిలో కోడిపెట్ట. రెండూ కోత పండుగ కానుకలు. షెడ్డులో తమ కారుని చూసి మురిసిపోయింది. కొడుకు కారుకి ప్రార్థన చేయించడానికి తెచ్చాడనుకుంది. గుమ్మడికాయని బానెట్టు మీద పెట్టింది. కోడిని ముందు బంపరుకి కట్టింది. నిశ్చింతగా లోపలికి వెళ్లి తన చోట్లో కూర్చుంది.

ఆ సంఘంలో కోత పండుగకి ఒక నియమం ఉంది. ఆరేళ్ల కిందట ఎవరి అరటిగెల పేరు మైకులో ముందు చదవాలన్న దాని మీద రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. అప్పుడు కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. ముందురోజు సాయంత్రం నుంచి షెడ్డులో పెట్టినదేదైనా కానుకే. ఎవరిచ్చారని అడగకూడదు. ఇచ్చినవాళ్లు తిరిగి తీసుకోకూడదు. అన్నిటికీ నంబర్లు వేసి, ఆరాధన తర్వాత వేలం పాడాలి. వచ్చిన సొమ్ము సంఘానికి.

ఆ తీర్మానం ప్రతిపాదించిన పెద్ద ఆనంద్ పాల్. మరిచిపోయిన పెద్ద కూడా ఆయనే.

ఆరాధన అయి బయటికొచ్చేసరికి, కారు ముందు అద్దం మీద అట్టముక్క అంటించి ఉంది. దాని మీద ఎర్ర ఇంకుతో నలభై ఏడు.

"ఇదేంటి జాషువా?" అన్నాడు ఆనంద్ పాల్. మాట సగమే బయటికొచ్చింది.

సంఘ కార్యదర్శి జాషువా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్లు చెమర్చాయి. "ఎవరిచ్చారో నేనడగనండి. అడగకూడదని మీరే పెట్టారు. కానీ ఇంత పెద్ద కానుక ఈ షెడ్డు ఎప్పుడూ చూడలేదండి. తాళం చెవి కూడా అందులోనే పెట్టేశారు!"

ఆనంద్ పాల్ నోరు తెరిచాడు. చుట్టూ రెండొందల మంది. అందరి ముఖాల్లోనూ ఒకటే ఆరాధనా భావం. "కాదండీ, మంచు పడకుండా పెట్టుకున్నాను" అని ఆ ముఖాలకి చెప్పడం ఆయన వల్ల కాలేదు. నోరు మూసుకున్నాడు.

స్టెల్లా అన్నీ చూసింది. కారుని చూసింది, నంబరుని చూసింది, బంపరుకి కట్టిన కోడిని చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. ఆమె పెదవులు బిగించుకున్నది కోపంతోనో, నవ్వు ఆపుకోవడానికో చెప్పడం కష్టం.

ఒకటో నంబరు నిమ్మకాయల బుట్ట. తర్వాత బాతుగుడ్లు, బకెట్లో బతికున్న కొర్రమీను, కేకు, బస్తాలు. నలభై ఏడో నంబరుకి వచ్చేసరికి జాషువా గొంతు బొంగురుపోయింది.

"పదివేలు!" అన్నాడు వెనకనుంచి ఈశ్వరప్రసాద్. మండవల్లి రైతు. ఆనంద్ పాల్ చెరువు పక్కనే ఆయన చెరువులు కూడా. గుడికి వెళ్లే మనిషయినా, స్నేహం కొద్దీ ఏటా కోత పండుగకి వచ్చి ఏదో ఒకటి పాడుకుని పోతాడు.

ఆనంద్ పాల్ ఆయన దగ్గరికి పరుగెత్తాడు. "ప్రసాద్ గారూ, తమకెందుకండీ ఇది?"

"మంచి ఇంజనుందిగా పాల్ గారూ! వెనక భాగం కోయించేసి ట్రాలీ పెట్టిస్తాను. చెరువుల మీదకి మేత మోయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది."

కోయించేస్తాడట.  ఆనంద్ పాల్ చెయ్యెత్తబోయాడు. సగం లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక్క రూపాయి కూడా పెట్టనని నిన్న సాయంత్రం ఏడింటికి మాటిచ్చాడు. ఎవరి ముందు ఇచ్చాడో వాళ్లందరూ ఇక్కడే ఉన్నారు.

"స్టెల్లా..." అన్నాడు భార్య పక్కకి వచ్చి.

"ఏవండీ?"

"ఆయన కోయించేస్తాడట."

"విన్నానండీ."

"నేను పాడకూడదు కదా."

"పాడకూడదండీ."

ఇంకెవరో ఇద్దరు పాడారు. ఈశ్వరప్రసాద్ వాళ్లని దాటేశాడు. ధర ఇంకా పెంచుదామని జాషువా కారు తలుపు తీసి, డాష్‌బోర్డు అర మూత తెరిచాడు. దాని లోపలివైపు రాజరత్నం చేతిరాత ఉందని సంఘంలో పాతవాళ్లకి తెలుసు. ఆ కారు మీటరు లక్ష దాటినప్పుడల్లా సున్నాలకి తిరిగిపోతుంది. తిరిగిన ప్రతిసారీ ఆయన బండి ఆపి ఒక మాట రాసేవాడు.

"వినండి, ఇది మన రాజరత్నం గారి చేతిరాత!" అన్నాడు జాషువా మైకు దగ్గరగా పెట్టుకుని. "ఒకటోసారి. కైకలూరు దాటాక. అందరం దిగి ప్రార్థించాం. మూడోసారి. కొల్లేటికోట. మోకాటి లోతు నీళ్లు. బండి ఆగలేదు. ఐదోసారి. దెందులూరు. ఈరోజు కోడలు స్టెల్లా ఉద్యోగంలో చేరింది. మొదటి గంట కొట్టేలోపే చేర్చాం. నాకు చాలా సంతోషం."

స్టెల్లా తల దించుకుంది. ఇరవై రెండేళ్లు ఆ మూత ముందే కూర్చుంది. ఆనంద్ పాల్ కాగితాలు కుక్కేసి బిగించిన ఆ మూతని ఒక్కసారీ తెరవలేదు. ఆ రోజు మామగారు సాయంత్రం దాకా బడి గేటు బయటే ఉన్నారని మాత్రం గుర్తుంది. ఆమె కళ్లు నిండాయి.

"ఇంకా ఉందండోయ్," అని జాషువా చదివేశాడు, చదువుతున్నదేమిటో చూసుకోకుండా. "ఎడమవైపు తలుపు లోపలి హ్యాండిల్ ఈరోజే ఊడిపోయింది. పాపం పిల్ల దిగలేకపోయింది. ఆనందుకి చెప్పాను. రేపే వేయిస్తానన్నాడు."

మైకులో చదివిన మాట షెడ్డంతా వినిపించింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి. దంపతుల కూటంలో రెండు ప్రసంగాలూ విన్న మొగుళ్లు ఇరవై రెండేళ్ల మోచేతి పోట్లు గుర్తుచేసుకుని మరీ నవ్వారు. ఆనంద్ పాల్ గుమ్మడికాయ వెనక తల దాచుకోవడానికి ప్రయత్నించాడు. అది చిన్నది.

నవ్వు తగ్గాక జాషువా, "ప్రసాద్ గారి పాట ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు.

స్టెల్లా లేచి నిలబడింది. ఈశ్వరప్రసాద్ పాడినదానికి రెట్టింపు పాడింది.

ఈశ్వరప్రసాద్ రెండు చేతులూ జోడించాడు. "అమ్మగారు పాడితే నేను పాడనండి. మా అమ్మాయి మీ స్కూలే."

"మూడోసారి!"

* * *

స్టెల్లా తిన్నగా వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. చేతిసంచీ లోంచి లైసెన్సు తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. రెండు నెలలుగా స్కూలుకి ముందు స్పెషల్ క్లాసులని వెళ్తున్నది డ్రైవింగు స్కూలుకని ఆనంద్ పాల్‌కి అప్పుడు తెలిసింది.

"కొత్త కారెందుకన్నానో ఇప్పుడు తెలిసిందా అండీ? ఈ స్టీరింగు నా వల్ల కాదనుకున్నాను. పవర్ స్టీరింగు వేయించి మంచి పని చేశారు. ఎక్కండి."

పాపమ్మ తిరిగి పాడుకున్న కోడితో, గుమ్మడికాయతో వెనక ఎక్కింది. ఆనంద్ పాల్ ఎడమవైపు ఎక్కి తలుపు వేసుకున్నాడు. బండి ఒకసారి కుదిపినా, తర్వాత స్టెల్లా చేతిలో చక్కగా సాగింది. ఇల్లు చేరేదాకా ఆయన ముఖంలో నవ్వు చెరగలేదు. కారు దక్కింది. నాన్న కారు, తన కారు. మాట కూడా తప్పలేదు.

గేటు లోపల బండి ఆపి స్టెల్లా దిగింది. పాపమ్మ దిగింది, కోడి దిగింది. ఆనంద్ పాల్ దిగబోయి తలుపు మీద చెయ్యి వేశాడు. చేతికి ఏమీ తగల్లేదు. అటు జరుగుదామంటే ఆంప్లిఫయరు పెట్టె. వెనకసీట్లోకి ఎక్కుదామంటే మోకాళ్ల నొప్పులు. అద్దం దింపితే నాలుగు వేళ్ల సందు.

"స్టెల్లా! తలుపు..."

స్టెల్లా చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు తలుపు ముందు నిలబడింది. చెయ్యి మాత్రం వేయలేదు.

"పంతొమ్మిది పనులు రాశారండీ. సైలెన్సరుకి వెండి రంగు కూడా రాశారు."

ఆనంద్ పాల్‌కి నిన్న పొద్దున ఆమె కాగితం వెనక్కి తిప్పి చూడడం గుర్తొచ్చింది. ముఖంలో నవ్వు పోయింది.

"సోమవారం రాజ్ కుమార్ని వెనక్కి పంపుతానని నిన్న మాటిచ్చాను. అప్పుడిది మీ కారు. ఇప్పుడు నాది. రేపు పదింటికి ఇచ్చేయాలో ఉంచుకోవాలో నేను చూసుకుంటాను." నాలుగు వేళ్ల సందు దగ్గరికి కొంచెం వంగింది. "ఇరవై రెండేళ్లు ప్రతి ఊళ్లోనూ, ప్రతి గేటు ముందూ, మీరు చుట్టూ తిరిగి వచ్చేదాకా ఈ సీట్లో కూర్చుని నేనేం ఆలోచించేదాన్నో, కాసేపు మీరూ ఆలోచించండి. తెలిశాక పిలవండి. వచ్చి తీస్తాను."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయింది.

"అమ్మా, నువ్వైనా తియ్యవే!"

"నాకు తెలుసురా అదేం ఆలోచించేదో," అంది పాపమ్మ. "నలభై ఏళ్లు వెనకసీట్లో కూర్చున్నదాన్ని. నేను చెబితే ఏం లాభం?" అని కోడిని చంకన పెట్టుకుని ఆమె కూడా వెళ్లిపోయింది.

వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది. ఆనంద్ పాల్ సీట్లో సర్దుకుని ఆలోచించడం మొదలుపెట్టాడు. మొదట ఆకలి గుర్తొచ్చింది. అది కాదేమోననుకున్నాడు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.